స్క్రూ గాడిలో కుంకుమ

గాజువాకలో నన్ను చెవి మేస్త్రీ అనేవారు. ఆ పేరు నేను పెట్టుకోలేదు గానీ, ఎవరైనా అలా పిలిస్తే వద్దని కూడా అనలేదు. చెట్లు కోసే రంపం మిషన్లు నా దగ్గరికి వచ్చేవి. పాడైనవి బాగుచేయడం అందరూ చేసేదే. బాగానే ఉన్న మిషన్ని పట్టుకుని, తయారుచేసినవాడు పిరికితనంతో లోపల దాచిపెట్టిన బలాన్ని బయటికి లాగడం నా ప్రత్యేకత. దానికోసమే దువ్వాడ నుంచీ, అంతకు అవతలి పల్లెల నుంచీ మిషన్లు ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోల్లో వచ్చేవారు.

అంతకు ముందు ఇరవై ఏళ్ళు నేనొక చిన్న ఇనుప కడ్డీల మిల్లులో, ఎర్రగా కాలిన కడ్డీలను తెగ్గొట్టే కత్తెర యంత్రం పక్కన నిలబడ్డాను. మిల్లు మూతపడింది. తర్వాత పెద్ద తుఫాను వచ్చి ఊళ్ళో చెట్లన్నిటినీ రోడ్ల మీద పడుకోబెట్టింది. రంపం మిషన్ ఎలా ఉంటుందో తెలియని మా వీధిలో వారం తిరక్కుండా నాలుగు చేరాయి. వాడటం ఎవరికీ రాదు కాబట్టి నాలుగూ పాడయ్యాయి. నా వసారాలో బల్ల వేశాను.

నా పద్ధతి చెబుతాను, దాచుకోవడానికి ఇప్పుడేమీ మిగల్లేదు. ముందు సైలెన్సర్ విప్పి లోపలి జాలీ తీసేసి, పొగ పోయే కన్నం పెద్దది చేస్తాను. జలుబు వదిలిన మనిషిలాగ ఇంజను హాయిగా ఊపిరి తీసుకుంటుంది. బోరు కింద ఉండే ప్యాకింగ్ తీసేసి పల్చగా గమ్ము రాసి బిగిస్తాను, పిస్టన్ పైన చోటు తగ్గి దెబ్బ గట్టిగా పడుతుంది. గొలుసు పళ్ళను గుండ్రటి ఆకురాయితో సానపట్టి, ఒక్కో పన్ను ముందు కాపలా ఉన్న చిన్న మొట్టని కొంచెం అరగదీస్తాను, అప్పుడు పన్ను కర్రలోకి ఇంకాస్త లోతుగా దిగుతుంది. ఇక్కడివరకూ రెండు చేతులున్నవాడెవడైనా చేస్తాడు.

చివరిది కార్బురేటర్. దాని పక్కన రెండు బుల్లి స్క్రూలుంటాయి. ఒకటి మిషన్ నెమ్మదిగా ఉన్నప్పుడు, రెండోది పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఎంత పెట్రోలు పోవాలో చూసుకుంటాయి. ప్రాణమంతా ఆ రెండోదాంట్లో ఉంది. కుడికి తిప్పితే పెట్రోలు తగ్గి మిషన్ కీచుమని అరుస్తూ పరిగెడుతుంది, చూసేవాళ్ళకి భలే ముచ్చటగా ఉంటుంది. కానీ ఆయిల్ కూడా పెట్రోల్లోనే కలిపి పోస్తాం కదా, మరీ తగ్గిస్తే పిస్టన్ ఎండిపోయి బోరులో పట్టేస్తుంది. ఎడమకి తిప్పితే పెట్రోలు ఎక్కువై, నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు గుడగుడలాడుతుంది. పూర్తి వేగంలో ఆ పుక్కిలింత సన్నగా, ఉందా లేదా అన్నట్టు ఉండాలి. కర్రలో పెట్టగానే మాయమవ్వాలి. దాన్ని కొలిచే మీటర్లు వచ్చాయని ఎవరో చెప్పారు. మీటర్లు చెవుల్లేనివాళ్ళకి అని చెప్పి పంపించేశాను.

ఆ స్క్రూ తిప్పేటప్పుడు నా హడావుడి చూడాలి. వసారాలో ఎవరూ మాట్లాడకూడదు. ఫోన్లు ఆపెయ్యాలి. కళ్ళు మూసుకుని, మెడ ఓ పక్కకి వంచి, మిషన్ని పూర్తి వేగంలో అరిపిస్తూ వెంట్రుకవాసి కుడికి, ఇంకో వెంట్రుకవాసి కుడికి. "ఇంకా మొద్దుగా ఉంది" అనేవాడిని. ఎవరికీ మొద్దుగా వినపడేది కాదు. అందుకే కదా వాళ్ళు మామూలు మనుషులు, నేను చెవి మేస్త్రీ అనుకునేవాడిని.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు, బావా అనే పిలుస్తుంది. వసారాలోకి తెరుచుకునే కిటికీ దగ్గర ఆమె కుట్టు మిషన్ ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. నేను స్క్రూ తిప్పడం పూర్తిచేసి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళేవాడిని. ముందు కిరసనాయిలు, తర్వాత సబ్బు పొడి, తర్వాత మళ్ళీ కిరసనాయిలు, పావుగంట పని. ఆలోగా ఆమె కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి మిషన్‌కి బొట్టు పెట్టేది. మా ఇంటి నుంచి బొట్టు లేకుండా ఒక్క మిషన్ బయటికి వెళ్ళలేదు. మిషన్లు తెచ్చేవాళ్ళకి ఇదో సెంటిమెంటు అయిపోయింది. "అక్క బొట్టెట్టిందా?" అని అడిగి మరీ తీసుకెళ్ళేవారు.

నాకు అది నచ్చేది కాదు. నేను శ్రద్ధగా చేసిన పనికి కుంకుమ పేరు రావడమేమిటి? పైగా ఆమె బొట్టు పెట్టే చోటు కూడా వింతగా ఉండేది. పట్టుకునే పిడి మీద ఒకటి, సరే. కానీ మిషన్ మళ్ళీ నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే ఆ రెండో స్క్రూ గాడి నిండా కుంకుమే. సూది పెట్టి తవ్వి తియ్యాల్సి వచ్చేది.

"స్క్రూ గాడిలో కుంకుమ ఎందుకే? అక్కడ దేవుడున్నాడా?" అని ఒకసారి కసిరాను.

"పడితే పడనీ బావా. దేవుడికి గాడేటి, మిట్టేటి" అంది, దారం పళ్ళతో తెంపుతూ.

ఇలా ఉండగా, సింహాచలం కొండ కింద కొబ్బరికాయల దుకాణం నడిపే మా ఆవిడ అక్కగారు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. చందనోత్సవం దగ్గర పడుతోంది, జనం మొదలయ్యారు. ఒంటి చేత్తో కొబ్బరికాయలు అమ్మడం కుదరదు కాబట్టి మా ఆవిడ మూడు వారాలకని బట్టలు సర్దుకుని, కుంకుమ భరిణె సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆ మర్నాడే నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మూడు మిషన్లతో దిగాడు. వాడూ వాడి ఎనిమిది మంది మనుషులూ సముద్రం పక్క సర్వి తోటలు, అంటే సరుగుడు తోటలు, కోస్తారు. ఈసారి దొరికింది మామూలు తోట కాదు. పది రోజుల్లో లారీలు వస్తాయి, ఆలోగా తోట నేలమీద ఉండాలి. ఉంటే తోట ఆసామి మిగతా తోటలన్నీ ఏటేటా వీళ్ళవే. లేకపోతే పక్క ఊరి ముఠా కాచుకుని కూర్చుంది.

"బావా, ఈ తోట మాకు అన్నం. మిషన్లు గుర్రాల్లాగ ఎల్లాల" అన్నాడు.

గుర్రాలేమిట్రా, విమానాలు చేసిస్తానన్నాను. చేశాను కూడా. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, కుట్టు మిషన్ చప్పుడు లేదు, నా జీవితంలో అంత ఏకాగ్రత ఎప్పుడూ కుదరలేదు. మొదటి రెండు మిషన్లూ ఇచ్చి పంపించాను.

మొదటిది మర్నాడు మధ్యాహ్నానికి పట్టేసింది. పెట్రోలు మంచిది కాదన్నాను. రెండోది ఆ తర్వాతి రోజు పొద్దున్నే పట్టేసింది. ఆయిల్ సరిగ్గా కలపలేదని ఫోన్లో బావమరిదిని ఏడు తరాలు దులిపేశాను. వాడు అన్నీ విని, "కొలిసే పోసినాను బావా. మనోళ్ళేటంటన్నారంటే, అక్క బొట్టు లేదంట, అందుకేనంట" అన్నాడు.

"వాళ్ళకి బుద్ధి లేదు సరే, నీకైనా ఉండక్కర్లేదా?"

"నాకూ నేదు బావా" అన్నాడు వాడు, చాలా వినయంగా.

మొదటి మిషన్‌కి కొత్త పిస్టన్ వేస్తూ కూర్చుంటే నాకొక ఆలోచన వచ్చింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. కుంకుమలో మహిమ లేదు, అది నాకు తెలుసు. కానీ గాడిలో చేరిన కుంకుమ గట్టిపడి, మిషన్ అదురుకి ఆ స్క్రూ కదలకుండా పట్టుకుంటోందేమో? అంటే ఇన్నేళ్ళూ మా ఆవిడ తెలియకుండానే నా పనికి చిన్న సాయం చేస్తోందన్నమాట. ఇందులో మూఢనమ్మకం లేదు, పూర్తిగా సైన్సు. ఈ ఆలోచనకి నన్ను నేనే మెచ్చుకుని, వెళ్ళి కుంకుమ కొనుక్కొచ్చాను. ఒక రకం పొడిగా ఉంది, ఇంకో రకం మరీ జారుగా ఉంది. మూడో దుకాణంలో, ఆడవాళ్ళ మధ్య నిలబడి, "ఇది అదురుకి ఆగుతుందా అమ్మా?" అని అడిగాను. దుకాణం ఆవిడ నా వైపు అదోలా చూసి, ఏ పూజకి అని అడిగింది.

కొబ్బరినూనె చుక్క వేసి నూరి, అగ్గిపుల్లతో గాడిలో కూరాను. ఎందుకైనా మంచిదని పిడి మీద కూడా ఒక బొట్టు పెట్టాను. ఇంకా ఎందుకైనా మంచిదని ఆ రోజు తలస్నానం చేశాను. బొట్టు చక్కగా, గుండ్రంగా, మా ఆవిడ పెట్టినదానికన్నా బాగా కుదిరింది.

ఆ మిషన్ ఒక్క పూట నడిచి పట్టేసింది.

అప్పటికి ఆరు రోజులు అయిపోయాయి. తోట సగం కూడా పడలేదు. నా బల్ల మీద మూడో మిషన్, అన్నిట్లోకీ పెద్దది, అన్ని హంగులూ చేసి ఉంది. బావమరిది వచ్చి నా కళ్ళలోకి చూడకుండా, "అక్క కాడికి ఎల్దాం బావా. బొట్టెట్టించుకుని ఎల్లిపోతాను. లేపోతే మనోళ్ళు దాన్ని ముట్టరు" అన్నాడు. కొట్టేవాడినే. కానీ వాడి మొహం వారంలో పదేళ్ళు పెరిగినట్టుంది. మోటార్ సైకిల్ వెనక కూర్చున్నాను.

మిషన్‌కి పాత దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని గొలుసు తిరిగే మూరెడు రేకు పక్కకి పొడుచుకొచ్చి ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ పక్క బండివాళ్ళు కొంచెం దూరం జరిగేవారు. ఒకాయన మాత్రం ముసలాయన్ని చూసినట్టు జాలిగా చూసి, "దేవుడి మొక్కా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

సింహాచలం కొండ కింద ఆ రోజు కొత్త బళ్ళకి పూజలు జోరుగా ఉన్నాయి. కార్లు, బైకులు, ఒక ట్రాక్టరు, వాటి మధ్యకి మేము. దుప్పటి విప్పేసరికి ఒక పంతులుగారు పళ్ళెంతో వచ్చేశారు.

"గోత్రం? బండి నంబరు?"

"దీనికి నంబరుండదండి. ఇది రోడ్డెక్కదు, చెట్టెక్కుతుంది" అన్నాను.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "చక్రాలెక్కడ? నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు. చక్రాలు లేవని తెలిశాక ఆలోచించి, రేకు కొసన ఒక నిమ్మకాయ గుచ్చుదామన్నారు. ఈలోగా దుకాణంలోంచి మా ఆవిడ వచ్చింది.

నన్ను ఎలా ఉన్నావని అడగలేదు. భోజనం సంగతి అడగలేదు. మిషన్ వైపు చూసి, "పట్టీసినాయా? ఎన్ని?" అంది.

"రెండు" అన్నాడు తమ్ముడు. "అందులో ఒకటి రెండుసార్లు."

"దీన్ని స్టార్ట్ సెయ్యి బావా. ఫుల్లుగా ఇవ్వు."

తాడు లాగాను. కొండ కింద ఆ సందులో మిషన్ ఒక్కసారి అరిచేసరికి పావురాలు లేచాయి, ఇద్దరు ముసలమ్మలు దణ్ణం పెట్టారు, ట్రాక్టరాయన చెవులు మూసుకున్నాడు. మా ఆవిడ మెడ ఓ పక్కకి వంచింది. నేను వంచినట్టే. తర్వాత భరిణె మూత తీసి, కుంకుమలో వేలు పెట్టి కెలికి, అడుగు నుంచి వేలెడంత స్క్రూడ్రైవరు తీసింది. కుట్టు మిషన్‌తో పాటు వచ్చే బుల్లిది. కొసంతా ఎర్రగా ఉంది. అరుస్తున్న మిషన్ మీదకి వంగి, వేలి కొసలతో ఆ రెండో స్క్రూని ఎడమకి తిప్పింది. పావు చుట్టు. ఆగింది. ఇంకొంచెం.

"ఇప్పుడు పుక్కిలిస్తంది. ఇనపడతందా?" అని అరిచింది.

వినపడుతోందన్నాను. అబద్ధం. ఆమె తిప్పకముందు ఎలా ఉందో, తిప్పాక కూడా నాకు అలాగే ఉంది. చుట్టూ చూశాను. బావమరిది మొహం విప్పారింది. ట్రాక్టరాయన చెవుల మీంచి చేతులు తీసి తలూపాడు. ముసలమ్మలు కూడా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఇప్పుడు సుఖంగా ఉందండీ చప్పుడు" అన్నారు పంతులుగారు, నిమ్మకాయ పట్టుకుని.

కొండ కింద ఉన్న అందరికీ వినపడింది, చెవి మేస్త్రీకి తప్ప. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఎప్పుడో ఓడిపోయి, ఆ సంగతి తెలియకుండా రచ్చలో మీసం తిప్పుతూ తిరిగానన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నాళ్ళుగా ఈ దొంగ పని అన్నాను. నా బల్ల మీద చెయ్యి వెయ్యడానికి నువ్వెవరన్నాను. మిషన్ ఆపడం మర్చిపోయి ఇదంతా అరిచాను కాబట్టి ఎవరికీ ఏమీ వినపడలేదు, అదొక్కటే ఆ రోజు నాకు జరిగిన మంచి. మా ఆవిడ మిషన్‌కి బొట్టు పెట్టి, ఎవరో పది కొబ్బరికాయలు అడుగుతున్నారని లోపలికి వెళ్ళిపోయింది. నేను బావమరిది బండి ఎక్కకుండా బస్సులో ఒక్కడినే ఇంటికి వచ్చాను.

ఆ పెద్ద మిషన్ ఆగకుండా నడిచింది. పట్టేసిన రెండిటికీ నేను కొత్త పిస్టన్లు వేసిచ్చాను. బావమరిది వాటిని తోటకి తీసుకెళ్ళేముందు సింహాచలం మీదుగా తిప్పుకున్నాడు. నన్ను అడగలేదు, నేనూ చూడనట్టు ఊరుకున్నాను. లారీలు వచ్చేసరికి తోట నేలమీద ఉంది.

ఆ మధ్యలో ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట కొన్ని బాగానే నొక్కాను. తర్వాత వాళ్ళ మిషన్ ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుని ఓపిగ్గా కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసి, అయిపోయిందండీ అంది. సన్నటి చప్పుళ్ళన్నీ ఎప్పుడో పోయాయట, ఆ కత్తెర యంత్రం పక్కన నిలబడిన రోజుల్లోనే మొదలైందట. నేను మొద్దుగా ఉందని కుడికి తిప్పినవన్నీ మొద్దుగా లేవు. నాలో మొద్దుబారినదాన్ని సరిచెయ్యడానికి ఊళ్ళో మిషన్లన్నిటినీ కుడికి తిప్పాను. మెట్లు దిగుతూ ఏడిచాను. వయసుకి సిగ్గు లేదు.

మూడు వారాలకి మా ఆవిడ తిరిగొచ్చింది. సంచి దింపి, భరిణె తీసి దేవుడి గూట్లో పెట్టి, కుట్టు మిషన్ మీద దుమ్ము తుడిచి కూర్చుంది. నేను వసారాలోంచి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. డాక్టరు కాగితం ఆమె ముందు పెట్టాను. చదవలేదు. ఆ సంగతి కాగితం చూసి తెలుసుకోవాల్సిన అవసరం ఆమెకి లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"తుఫాను ఎల్లిన రెండో ఏడు. నువ్వు బాగుసేసిన మిషను ఒకటి పట్టీసి ఎనక్కొచ్చినాది గుర్తుందా? నువ్వు తిప్పుతుంటే నాను కిటికీలోంచి ఇన్నాను. మా కుట్టు మిషన్ బిగిసిపోతే కూడా అలాగే అరుస్తాది. అందుకని కూసింత ఒదిలీసినాను." మిషన్ తొక్కడం మొదలుపెట్టి, "నువ్వు ఎంత బిగిస్తావో నాకు లెక్క తెలిసిపోనాది బావా. స్టార్ట్ సెయ్యక్కర్లేకుండానే ఒదిలీసేదాన్ని" అంది.

అన్నేళ్ళు. నేను పెరట్లో కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ గర్వంగా నిలబడిన ఆ పావుగంటలన్నీ గుర్తొచ్చాయి. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు, గడప మీద కూర్చున్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

ఆమె కుట్టు మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. నా వైపు తిరిగి, పెదాలు బాగా కనపడేలాగ, ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"సెప్పినాను బావా. మూడుసార్లు సెప్పినాను. నీ సుట్టూ జనం ఉన్నారని, సిన్నగా సెప్పినాను."